ఇటు చూడు, నా వైపు చూడు

దేవుణ్ణి వర్ణించేటప్పుడు పాదాల దగ్గర మొదలుపెట్టి కిరీటం దాకా వెళ్లాలన్నది మన కవులు పాటించిన మర్యాద. మనుషులకైతే తలతో మొదలు. అమెరికా కౌబాయ్‌లు గుర్రాలూ ఎద్దులూ ఎక్కి పోటీపడే రోడియోలోని విదూషకుడా, నువ్వు మనిషివే అయినా నిన్ను పాదాల దగ్గరే మొదలుపెడతాను. రంగులు పూసిన నీ ముఖం జనమందరికీ తెలుసు. నీ పాదాల విలువ ఎద్దు మీంచి కింద పడ్డవాడికి తెలుసు.

అడుగున ముళ్లున్న బూట్లు తొడిగిన ఆ పాదాలకు జోహారు. బరి చుట్టూ ఎత్తు మడమల తోలు బూట్ల కౌబాయ్‌లు తిరుగుతుంటే, నీవి మాత్రం మైదానంలో పరిగెత్తే ఆటగాడి బూట్లు. కాలు జారకూడదు. జారితే నీ ఒక్కడి ప్రాణంతో పోదు. ఎదురుగా ఉన్నది ఏడెనిమిది వందల కిలోల ఎద్దు. తిన్నగా పరిగెడితే దాన్ని గెలిచే మనిషి లేడు, నాలుగంగల్లో అందుకుంటుంది. గుండ్రంగా తిరగమంటేనే దానికి కష్టం. అంత పొడుగు వెన్ను, అంత బరువు, చటుక్కున మళ్లవు. అందుకని నువ్వు దూరంగా పారిపోవు, దాని భుజం పక్కకే వెళ్తావు. కొమ్ముకీ నీ పక్కటెముకకీ మధ్య జానెడు చోటు మిగుల్చుకుని, అది తిరిగే వలయానికి లోపల మరో చిన్న వలయంలో తిరుగుతావు. కొమ్ముకు దగ్గరగా ఉన్న చోటే క్షేమమని నీ పాదాలకు తెలుసు. భయం చెప్పే మాట వినకుండా వాటికి ఆ సంగతి నేర్పడానికి ఎన్ని దెబ్బలు తిన్నావో!

స్వారీవాడి ఆట చిన్నది. జిగురు రుద్దిన తాడును ఒంటిచేత్తో పట్టుకుని ఎనిమిది సెకన్లు ఎద్దు వీపు మీద నిలవాలి. రెండో చెయ్యి గాల్లోనే ఉండాలి, ఎద్దుకు గానీ తన ఒంటికి గానీ తగలకూడదు. మార్కులు వందకు. అందులో సగం వాడి నేర్పుకి, సగం ఎద్దు విసురుకి. ఎనిమిది సెకన్లు కాగానే బజర్ మోగుతుంది, జనం కేకలు వేస్తారు. ఎద్దుకి మాత్రం ఆట అయిపోలేదు. దాని వీపు మీది బరువు దిగింది, కాళ్ల దగ్గర ఏదో కదులుతోంది. అక్కడి నుంచి నీ పని. నీ పనికి మార్కులు వేసే న్యాయనిర్ణేత లేడు.

ఆ ఎద్దు గురించి తెలుగువాళ్లం చెప్పుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. దాని మూపురం చూడండి, మెడ కింద ఊగే గంగడోలు చూడండి. అవి యూరప్ పశువులవి కావు. 1854లో బ్రిటిష్ ప్రభుత్వం లూసియానాలోని రిచర్డ్ బారో అనే తోటల యజమానికి భారతదేశపు ఆబోతులు రెంటిని కానుకగా పంపింది. 1906లో టెక్సాస్‌లోని పియర్స్ రాంచ్ వాళ్లు నేరుగా మన దేశం నుంచే ఓడలో పశువుల్ని తెప్పించుకున్నారు. 1920ల్లో బ్రెజిల్ నుంచి మెక్సికో మీదుగా మరికొన్ని చేరాయి. గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ జాతులతో పాటు, అక్కడివాళ్లు నెలోర్ అని పిలుచుకునే మన ఒంగోలు జాతి కూడా అందులో కలిసింది. అలా పుట్టినదే అమెరికన్ బ్రాహ్మన్. 1924లో హ్యూస్టన్‌లో దాని పెంపకందారులు సంఘం కట్టుకున్నారు. గుండ్లకమ్మ ఒడ్డున నల్లరేగడి దున్నిన వంశం, బండలు లాగి ఊరికి పేరు తెచ్చిన వంశం, కనుమ నాడు కొమ్ములకు రంగులు పూయించుకుని పసుపు కుంకుమలు దిద్దించుకున్న వంశం. దాని నెత్తురు నేడు ఓక్లహోమాలో, వయోమింగ్‌లో బోను గేటు తెరవగానే ఆకాశానికి ఎగురుతోంది. అక్కడి ఎద్దులు ఇప్పుడు ఎన్నో జాతుల కలయిక. అయినా ఆ వెన్నులోని విసురులో మన ఊరి వాటా ఉందని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది. ఆ కొమ్ముల ముందు నిలబడిన నిన్ను తలుచుకుంటే మాత్రం గొంతు ఆరిపోతుంది.

నువ్వు రక్షకుడిగా మారడానికి కారణం కూడా ఆ మూపురమే. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో రోడియో నిర్వాహకులు నిన్ను కేవలం నవ్వించడానికి పిలిచారు. ఒక పందేనికీ మరో పందేనికీ నడుమ, గేట్లు సర్దుతూ గుర్రాల్ని మారుస్తూ ఉండగా, జనం లేచి వెళ్లిపోకుండా కూర్చోబెట్టాలి. రెడ్ సబ్లెట్ లాంటివాళ్లు ఒక కంచరగాడిదను వెంటబెట్టుకుని అది మాట వినదు, తాను వదలడు అన్నట్టు ఆడి జనాన్ని పొట్టలు పట్టుకునేలా నవ్వించేవాళ్లు. ఆ రోజుల్లో స్వారీకి ఎక్కువగా మామూలు పశువులే. మనిషిని కింద పడేశాక అవి తమ దారిన పోయేవి. గుర్రాలతోనూ ఇబ్బంది లేదు. పడినవాణ్ణి వెతుక్కుంటూ గుర్రం రాదు, పైగా పక్కనే మరో గుర్రం మీద ఎత్తుకుపోయే మనుషులు సిద్ధంగా ఉంటారు. 1920ల్లో మూపురపు ఎద్దులు బరిలోకి దిగాయి. ఇవి వెనక్కి తిరుగుతాయి. పడినవాడి మీదికి వస్తాయి. కాపాడబోయిన గుర్రాన్ని కూడా కుమ్ముతాయి. ఇక కాలినడకన వెళ్లే మనిషి ఒకడు కావాల్సి వచ్చింది. అప్పటికి బరిలో కాలినడకన ఉన్నది నువ్వే.

నవ్వించమని కూలి ఇచ్చిన వాడి చేతిలోనే ప్రాణాలు పెట్టారు. ఎవరూ కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు కాదది, అవసరం తోసిన దారి. కానీ ఎంత చక్కగా అతికింది! అప్పటికే నీకు ఒక విద్య చేతిలో ఉంది: వేల కళ్లను నీ వైపు తిప్పుకోవడం. ఇప్పుడు ఇంకో రెండు కళ్లను తిప్పుకోవాలి, అంతే. నువ్వు చేసే పనులు రెండని అందరూ అంటారు, ఒకటి హాస్యమని, ఒకటి సాహసమని. నాకు అది ఒక్క పనిగానే కనిపిస్తుంది. ఇటు చూడు, నా వైపు చూడు, వాణ్ణి వదిలెయ్ అని జనంతోనూ ఎద్దుతోనూ ఒంటితో చెప్పడం.

అందుకే నీ బట్టలకు కూడా నమస్కారం. ఇద్దరు పట్టేంత వదులు ప్యాంటు, భుజాల మీంచి దాన్ని మోసే పట్టీలు, నడుముకు వేలాడే రంగు రుమాళ్లు. ఎద్దు ఎరుపును చూసి రెచ్చిపోతుందని జనం అనుకుంటారు గానీ, దాన్ని లాగేది కదలిక. గాలికి రెపరెపలాడే నీ గుడ్డ దాన్ని పిలుస్తుంది. కొమ్ము చిక్కుకుంటే గుడ్డ చిరిగి దానితో పోవాలి, మనిషి మిగలాలి. వదులు బట్టల కింద, ఎవరికీ కనపడకుండా, పక్కటెముకల మీదా తుంటి మీదా మోకాళ్ల మీదా మెత్తలు. చూసేవాళ్లకు సోమరిపోతులా కనిపించే ఆ వేషం లోపల యుద్ధానికి పోయేవాడి కవచం ఉంది.

చేతుల సంగతికి వస్తాను. బరిలో అన్నిటికన్నా భయంకరమైన క్షణం పడిపోవడం కాదు, పడిపోలేకపోవడం. స్వారీవాడి అరచేతి చుట్టూ తాడు బిగించి ఉంటుంది. తాడు పట్టుకున్న చేతికి అవతలి పక్కకు వాడు ఒరిగిపోతే, ముడి బిగుసుకుని చెయ్యి ఇరుక్కుంటుంది. ఒళ్లు కింద, చెయ్యి పైన. ఎద్దు ఎగిరినప్పుడల్లా వాడు దాని పక్కకు కొట్టుకుంటూ వేలాడతాడు. అప్పుడు మీరు ఇద్దరు ముగ్గురు ఒకేసారి కదులుతారు. ఒకడు ఎద్దు ముఖం ముందుకు వెళ్లి దాని తలను తన వైపు లాక్కుంటాడు. మరొకడు గెంతుతున్న ఎద్దుతో పాటు పరిగెడుతూ, దాని వీపు మీదికి దాదాపు ఎక్కి, తాడు కొస కోసం తడుముతాడు. కొస దొరికితే ఒక్క గుంజు. ముడి సడలుతుంది, చెయ్యి ఊడుతుంది, కుర్రాడు కంచె వైపు పాకుతాడు. ఆ కొసను వెతుకుతున్న వేళ్లలో ఉండే ఏకాగ్రత ముందు నాకు వీణ వాయించే వేళ్లు కూడా తక్కువే అనిపిస్తాయి. ఈలోపు డెక్క నీ పాదం మీద పడి ఉంటుంది, కొమ్ము నీ మోచేతిని చీరి ఉంటుంది. అవన్నీ తర్వాత తెలుస్తాయి.

పీపాను మర్చిపోతే పాపం. 1930ల్లో టెక్సాస్ విదూషకుడు జాస్బో ఫుల్కర్సన్ చెక్కపీపా ఒకటి బరిలోకి తెచ్చాడు, దానికి పాత కారు టైర్లతో బలం కట్టి. ఆ చదును నేల మధ్య దాక్కోవడానికి మరో చోటు లేదు. ఎద్దు తరిమితే పీపా చాటుకు పోవచ్చు, దాని చుట్టూ తిప్పవచ్చు, గత్యంతరం లేకపోతే లోపలికి దిగిపోవచ్చు. ఇప్పటి పీపాలు తేలికైన లోహంతో చేసినవి, మందపాటి మెత్తలు పరిచినవి. పీపాలో నిలబడే విదూషకుడు తల బయటపెట్టి ఎద్దును పిలుస్తాడు. అది వచ్చే ఆఖరి క్షణంలో కిందికి కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు ముడుచుకుంటాడు. తర్వాత లోకం దొర్లుతుంది. పీపా గాల్లోకి లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది. బయట వేలమంది నవ్వుతున్న హోరు లోపలికి వినిపిస్తూనే ఉంటుంది. అది ఆగాక తల బయటికి పెట్టి, టోపీ ఎక్కడ పడిందా అని వెతుక్కుంటున్నట్టు నటించాలి. ఆ నటనలోనే వాడు తన ఎముకల్ని ఒక్కొక్కటిగా లెక్క చూసుకుంటాడు.

మీలో ఎంతమంది పేర్లు చెప్పను! ముందు తరంలో హోమర్ హోల్కోంబ్. ఆ తర్వాత వాషింగ్టన్ రాష్ట్రపు పశువుల రైతు విక్ పెత్, ఎద్దు ముందు ఎలా కదలాలో దాన్ని ఒక శాస్త్రంలా సాధన చేసినవాడు. అతని తర్వాతివాళ్లంతా అతని అడుగుల్లోనే నేర్చుకున్నారు. మెడ విరిగాక కూడా బరికి తిరిగొచ్చిన రాబ్ స్మెట్స్. టెక్సాస్ నల్లజాతి బిడ్డ లియోన్ కాఫీ, 1983లో ఆ ఏటి మేటి విదూషకుడు, 2018లో కొలరాడో స్ప్రింగ్స్‌లోని ప్రోరోడియో కీర్తిమందిరంలో పేరెక్కినవాడు. వయోమింగ్ కుర్రాడు డస్టీ టక్‌నెస్, 2010 నుంచి వరసగా పదేళ్లు ఎద్దుల్ని ఎదుర్కోవడంలో మేటిగా గెలిచినవాడు. స్లిమ్ పికెన్స్‌ను సినిమా చూసేవాళ్లు ఎరుగుదురు. కుబ్రిక్ తీసిన ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’లో అణుబాంబు మీద గుర్రంలా కూర్చుని, టోపీ ఊపుకుంటూ కిందికి పోయే మేజర్ అతనే. ఆ పాత్రకు ముందు ఏళ్ల తరబడి అతను రోడియోల్లో విదూషకుడు. చావు మీద కూర్చుని టోపీ ఊపడం అతనికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేకపోయింది.

అన్నిసార్లూ నువ్వు సమయానికి చేరలేవు. 1989 జూలై 30, వయోమింగ్‌లోని షయాన్. 1897 నుంచి జరుగుతున్న ఆ పెద్ద రోడియోలో లేన్ ఫ్రాస్ట్ అనే పాతికేళ్ల ఛాంపియన్ తన స్వారీ పూర్తి చేశాడు. కిందికి దూకాడు. ఎద్దు తిరిగి వచ్చి కొమ్ముతో పక్కలో పొడిచింది. లేచాడు, సాయం కోసం చెయ్యి ఊపాడు, మళ్లీ పడిపోయాడు, ఇక లేవలేదు. అతని స్నేహితుడు కోడీ లాంబర్ట్ ఆ దుఃఖంలోంచి ఛాతీకి రక్షణ కవచం ఒకటి తయారుచేశాడు, స్వారీవాళ్లు నేటికీ అలాంటిదే తొడుగుతున్నారు. కవచం ఉన్నా 2019 జనవరిలో డెన్వర్‌లో మేసన్ లోవ్ అనే మరో పాతికేళ్లవాడు ఎద్దు కాలి కింద పోయాడు. ఇలాంటి రాత్రి నీకు నిద్ర ఎలా పడుతుందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం లేదు. ఒక్క అడుగు ముందుగా వేసి ఉంటే, టోపీ కాస్త ఇటుగా విసిరి ఉంటే అని మనసు ఎన్నిసార్లు ఆ మట్టిలోకి వెళ్లి వస్తుందో. అయినా మర్నాడు అద్దం ముందు కూర్చుని తెల్లరంగు డబ్బా మూత తియ్యాల్సింది నువ్వే.

జనం ఎదుట నువ్వు చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఎద్దు వెళ్లిపోయాక చేసేది. ఒక కుర్రాడు మట్టిలో కదలకుండా పడి ఉన్నాడు. వైద్యులు పరిగెత్తుకొచ్చి చుట్టూ వంగారు. స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టి వాణ్ణే చూస్తోంది. తల్లి ఎక్కడో ఆ మెట్ల మీదే ఉంది. ఆ నిమిషంలో నువ్వు బరికి రెండో చివర నిలబడి, మైకులో వ్యాఖ్యాతతో మాటలు కలుపుతావు. నీ లావు మీద, ఆ ఊరి మేయరు మీద, మీ అత్తగారి మీద. పాత జోకులే. జనం మొదట ఇష్టం లేకుండా, తర్వాత కాస్త మనసు విప్పి, నీ వైపు తిరుగుతారు. అలా తిరగడంతో ఆ కుర్రాడి చుట్టూ ఒక తెర దిగుతుంది. వాడి నొప్పి వాడిదవుతుంది, వేలమంది చూసే వినోదం కాకుండా పోతుంది. ఎద్దు చూపును తప్పించిన వాడివే మా చూపును కూడా తప్పించావు. మా చూపు కూడా గాయపడినవాడిని గుచ్చుతుందని నీకు ముందే తెలుసు.

ఈ నవ్వించే కళలో ఫ్లింట్ రాస్‌ముసెన్‌కు పెద్ద పీట. మోంటానాలో బడిపిల్లలకు లెక్కలు, చరిత్ర చెప్పిన మాస్టారు ఆయన. ఆ ఉద్యోగం వదిలి బరిలోకి వచ్చి, వరసగా ఎనిమిదిసార్లు మేటి విదూషకుడయ్యాడు. 2009లో గుండెపోటు వచ్చింది. తిరిగొచ్చి మళ్లీ ఆడాడు, పాడాడు, పిల్లల్ని బరిలో పరిగెత్తించాడు. టెనెసీ రాష్ట్రపు లెసీల్ హారిస్ ఎనభై దాటాక కూడా ముఖానికి రంగు పూశాడు. 2020 ఫిబ్రవరిలో మిసిసిపీలోని జాక్సన్ రోడియోలో జనాన్ని నవ్వించి, హోటల్ గదికి వెళ్లి పడుకున్నవాడు ఆ నిద్రలోనే పోయాడు. 83 ఏళ్లు.

స్పెయిన్ బరిలో కత్తి ఉంటుంది, చివర ఎద్దు చస్తుంది. నీ చేతిలో కత్తి లేదు, గుడ్డ కూడా లేదు. స్వారీ లేకుండా నువ్వూ ఎద్దూ మాత్రమే తలపడే పోటీలు కూడా ఉన్నాయి. నిమిషం పాటు ఎంత దగ్గరగా తిరిగావు, ఎన్నిసార్లు దాని నుదుటి మీద అరచెయ్యి వేశావు, మీదికి దూసుకొచ్చినప్పుడు దానిపై నుంచి ఎలా దూకావు అన్నదానికే అక్కడ మార్కులు. ఆట ముగిశాక ఎద్దు గేటులోంచి తన పాకకు పోతుంది. రోడియోలో పశువుల్ని బాధిస్తారని నొచ్చుకునేవాళ్లు ఉన్నారు. పొత్తికడుపు దగ్గర బిగించే పట్టీ మీద, ఆ కేకల మీద వాళ్లు అడిగే ప్రశ్నలు కొట్టిపారేయదగ్గవి కావు. నీ విషయంలో మాత్రం నాకు ఇంత తెలుసు: స్వారీ జరిగే బరిలో ఎద్దు నుంచి ఏమీ గెలుచుకోనక్కర్లేనివాడివి నువ్వొక్కడివే.

ఇప్పుడు కాలం మారింది. ఎద్దుల్ని ఎదుర్కొనేవాళ్లు, నవ్వించేవాళ్లు వేరువేరు మనుషులయ్యారు. ఎదుర్కొనేవాళ్లు చాలామంది రంగు మానేశారు. వ్యాపార సంస్థల పేర్లు అచ్చేసిన జెర్సీలు, మోకాళ్ల దాకా నిక్కర్లు, కండలు దేరిన ఒళ్లు. పీపాలో ఉన్నవాడి ముఖం మీదే కాస్త తెలుపూ ఎరుపూ మిగిలాయి. రంగు పోయినందుకు నాకు కొంచెం బెంగగా ఉంది. కష్టపడి నేర్చిన ఆ విద్యకు ఆటగాడి గౌరవం దక్కినందుకు సంతోషంగానూ ఉంది.

స్వారీవాడు ప్రవేశ రుసుము కట్టి వస్తాడు, గెలిస్తే బహుమతి. నీకు ఆటకింత అని ఒప్పందపు కూలి. నువ్వు కాపాడిన ప్రాణానికి పోటీ పట్టికలో గడి లేదు. కానీ ఏటా డిసెంబరులో లాస్ వేగాస్‌లో జరిగే జాతీయ ఫైనల్స్‌కు మిమ్మల్ని ఎంచేది ఎవరో తెలిస్తే ఈ లోటు కొంత తీరుతుంది. ఆ ఎద్దులెక్కే కుర్రాళ్లే ఓటు వేస్తారు. నేను పడ్డప్పుడు నా దగ్గరికి ఎవరు రావాలి అని తమను తామే ప్రశ్నించుకుని ఒక పేరు రాస్తారు. ఇంతకన్నా మనసు పెట్టి వేసే ఓటు ఏ దేశంలో ఉంది?

ఇక మంగళం పాడతాను. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై నాలుగు చుట్టూ వారమంతా రాత్రుళ్లు ట్రక్కు నడిపి ఊరి నుంచి ఊరికి, బరి నుంచి బరికి పోయే నీ కళ్లకు మంగళం. పలకరిస్తే చాలు వాన కబురు చెప్పే నీ మోకాళ్లకు మంగళం, అరవై దాటాక అవి మెట్లెక్కనివ్వాలి. ఇంటి దగ్గర ఫోను చేతిలో పెట్టుకుని కూర్చునే ఇల్లాలికి మంగళం. ఏ చిన్న ఊళ్లోనో తండ్రి పశువుల కొట్టంలో, దూడ ముందు వలయాలు తిరగడం మొదలుపెట్టిన పన్నెండేళ్ల పిల్లవాడికి మంగళం, వాడి మొదటి దెబ్బ చిన్నది కావాలి. గుండ్లకమ్మ నుంచి అంత దూరం వెళ్లిన ఆ మూపురానికీ మంగళం. విసురు తగ్గి బరికి పనికిరాని నాడు దానికి నీడా, పచ్చికా, తాకకుండా వదిలేసే యజమానీ దొరకాలి.